బుల్లిపిచ్చుక అడిగిన మూడు మాటలు

అనగనగా... మరీ అంత అనగనగా కాదులే కన్నా, మొన్న మొన్నటి మాటే. సముద్రానికి కాస్త ఇవతల, జీడితోటల మధ్య ఒక ఊరుంది. ఆ ఊళ్ళో చందన అని ఒక పిల్ల. ఆరో తరగతి చదివేది. రెండు జడలు వేసుకునేది. ముందు పన్ను కొంచెం విరిగి ఉండేది, నవ్వితేనే కనబడేది.

దుప్పటి సరిగ్గా కప్పుకో. ఆఁ, అలాగ. ఇప్పుడు విను.

చందన వాళ్ళమ్మ పేరు రాజేశ్వరి. జీడిపప్పు ఫ్యాక్టరీలో పని. పొద్దస్తమానం పిక్కలు కొట్టి పప్పు తీసేది. ఆ జీడి రసం అంటుకుని వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఎంత కడిగినా ఆ నలుపు పోయేది కాదు. నాన్న పేరు గవర్రాజు. ఆర్టీసీ బస్సు డ్రైవరు. రెండు రోజులు డ్యూటీ చేస్తే ఒక రోజు ఇంటిపట్టున ఉండేవాడు.

బడి నాలుగింటికి వదిలేవారు. అమ్మ ఆరింటికి గానీ వచ్చేది కాదు. నాన్న డ్యూటీలో ఉన్న రోజుల్లో ఆ రెండు గంటలూ చందన ఒక్కతే. తాళం తీసుకుని లోపలికి వెళ్ళేది. గిన్నెలో పెట్టి ఉంచిన అటుకులు తినేది. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచేది కాదు.

ఇంట్లో నాన్న పాత ఫోను ఒకటుండేది. అద్దం మీద గీతపడింది. బడి హోంవర్కు ఫోనులోకే వస్తుంది కదా, అందుకని ఆ ఫోను చందన దగ్గరే ఉంచేవాళ్ళు. హోంవర్కు అయిపోయాక చందన అందులో ఒక ఆట ఆడేది. పూలతోట ఆట. గింజలు వెయ్యాలి, నీళ్ళు పొయ్యాలి, పూలు పూయించాలి. ఎవరి తోట బాగుంటే వాళ్ళు గెలిచినట్టు.

ఒకరోజు చందన తోటలోకి ఎవరో వచ్చారు. వచ్చి పది బంగారు గింజలు పెట్టి వెళ్ళారు. ఎవరా అని చూస్తే, పేరు బుల్లిపిచ్చుక అని ఉంది. పక్కన చిన్న పిట్ట బొమ్మ.

'నీ తోట నాకు భలే నచ్చింది. నేను కూడా ఆరో తరగతే' అని రాసింది బుల్లిపిచ్చుక.

చందనకి ఎంత సంతోషమేసిందో! ఆ రోజు నుంచి బడి వదలగానే పరుగు పరుగున ఇంటికి వచ్చేది. అటుకులు కూడా ఫోను చూస్తూనే తినేది. బుల్లిపిచ్చుక రోజూ వచ్చేది, రోజూ గింజలిచ్చేది, ఇవాళ ఏం కూర తిన్నావు, మీ టీచరు తిట్టిందా అని అడిగేది. అలా అడిగేవాళ్ళు చందనకి అంతకుముందు ఎవరూ లేరు. అమ్మ అడిగేది గానీ, వంట చేస్తూ అడిగేది, సగం విని సగం వినేది కాదు పాపం. బుల్లిపిచ్చుక మాత్రం అన్నీ వినేది.

అలా పదిహేను రోజులు గడిచాయి. అప్పుడు బుల్లిపిచ్చుక మొదటి మాట అడిగింది.

'నీ అసలు పేరేంటి? ఏ ఊరు? ఏ బడి?'

చందన చెప్పేసింది. స్నేహితురాలే కదా.

ఇంకో వారం గడిచాక రెండో మాట అడిగింది.

'నిన్ను చూడాలని ఉంది. ఒక ఫోటో పంపవా?'

చందన అప్పుడే బడి నుంచి వచ్చింది. యూనిఫాం కూడా విప్పలేదు. జేబు మీద బడి పేరు కుట్టి ఉంది. గోడకి ఆనుకుని నవ్వుతూ ఒక ఫోటో తీసి పంపింది. నీ ఫోటో ఏదీ అని అడిగితే, 'మా అమ్మ ఫోనులో కెమెరా పాడైంది' అంది బుల్లిపిచ్చుక. చందన నమ్మింది. కెమెరాలు పాడవుతాయి కదా మరి.

ఆ తర్వాత మూడో మాట.

'నువ్వు ఎవ్వరికీ చెప్పని మాట ఒకటి నాకు చెప్పు. ముందు నాది చెప్తాను. నేను మా క్లాసులో ఒకమ్మాయి పెన్ను దొంగతనం చేశాను. ఇప్పటికీ ఎవరికీ తెలీదు.'

చందన చాలాసేపు ఆలోచించింది. తన దగ్గర కూడా అలాంటి మాట ఒకటుంది. అర్ధసంవత్సరం పరీక్షల్లో లెక్కల్లో వందకి పంతొమ్మిది మార్కులు వచ్చాయి. ప్రోగ్రెస్ కార్డు ఇంట్లో చూపించలేదు. అమ్మ సంతకం తనే పెట్టేసి బడిలో ఇచ్చేసింది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా లెక్కల పుస్తకాన్ని సంచి అడుక్కి తోసేసేది. ఇప్పుడు చెప్పుకోవడానికి ఒకరు దొరికారు. చెప్పేసింది. చెప్పాక ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది కూడా.

ఏం కన్నా, అలా చూస్తున్నావ్? తప్పు చేసిందనా? ఉండు, ఉండు.

మంగళవారం సాయంత్రం బుల్లిపిచ్చుక ఇలా రాసింది.

'శనివారం నాలుగింటికి బస్సు కాంప్లెక్సు వెనక, జ్యూస్ బండి దగ్గరికి రా. మా బాబాయి నీకు గిఫ్ట్ తెస్తున్నాడు. ఒక్కదానివే రావాలి. అమ్మకి చెప్పొద్దు.'

చందన వేళ్ళు ఆగిపోయాయి. ఒంటరిగా కాంప్లెక్సు వైపు వెళ్ళకూడదని అమ్మ ఎప్పుడో చెప్పింది. 'మా అమ్మ పంపదు' అని రాసింది.

అప్పుడు బుల్లిపిచ్చుక మాట మారింది.

'రాకపోతే సంతకం సంగతి మీ హెడ్మాస్టరుకి చెప్తాను. నీ ఫోటో కూడా పంపుతాను. నిన్ను బడిలోంచి తీసేస్తారు. ఆలోచించుకో.'

ఆ మాటల పక్కన కూడా అదే పిట్ట బొమ్మ ఉంది. చందన ఫోను మంచం మీద బోర్లా పెట్టేసింది. గోడ గడియారం చూస్తే ఇంకా అయిదు కూడా కాలేదు.

అమ్మ ఆరుంపావుకి వచ్చింది. ఆ రోజు అమ్మ బొటనవేలు జీడి రసానికి పొక్కి ఉంది. కొబ్బరినూనె రాసుకుంటూ కూర్చుంది. చందన వెళ్ళి పక్కన నిలబడింది.

"అమ్మా, మరేమో..."

"ఏంటే? ఫోను ఛార్జింగ్‌లో పెట్టావా? రోజంతా దాంతోనే ఉంటున్నావని పక్కింటి గౌరమ్మత్త కూడా అంటోంది. ఇంకో రెండ్రోజులు చూస్తాను, తీసి బీరువాలో పడేస్తాను."

చందన నోటిదాకా వచ్చిన మాట మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు బడిలో ఇందుమతి టీచరుకి చెబుదామనుకుంది. ఆవిడ మంచిది, పిల్లల్ని కొట్టదు. కానీ ఆ రోజే ఎవరో ఫోను బడికి తెచ్చి పట్టుబడ్డారు. టీచరు అందరినీ నిలబెట్టి, "ఫోను పట్టుకున్న పిల్లలెవరూ బాగుపడరు, రాసిపెట్టుకోండి" అంది. ఇక చందన ఏం చెబుతుంది? తలొంచుకుని కూర్చుంది.

బుధవారం రాత్రి అన్నం వద్దంది. గురువారం పొద్దున కడుపునొప్పి అంది. బడి మానేసింది. అమ్మ నుదురు పట్టుకుని చూసి, జ్వరం లేదే అనుకుంటూ పనికి వెళ్ళింది.

గురువారం నాన్న ఇంట్లో ఉన్నాడు. నాన్న ఇంట్లో ఉన్న రోజు చేపలకూర ఉండాల్సిందే. పెరట్లో రాయి దగ్గర కూర్చుని, బూడిద అద్దుకుంటూ కవళ్ళ చేపలు శుభ్రం చేస్తున్నాడు. చందన గడప మీద కూర్చుంది. మామూలుగా అయితే పిల్లిని తరిమే పని తనదే. చీపురుకట్ట పట్టుకుని కాపలా కాసేది. ఆ రోజు పిల్లి నెమ్మదిగా వచ్చింది. గిన్నెలోంచి ఒక చేప నోట కరుచుకుని, చందన కాళ్ళ పక్కనుంచే వెళ్ళిపోయింది. చందన కదల్లేదు.

నాన్న అదంతా చూశాడు. ఇంకో రెండు చేపలు తోమాడు. ఆ తర్వాత చేపల వైపే చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

"నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏం జరిగిందో తెలుసా? బస్సు వెనక్కి తీస్తూ డిపో గేటుకి రాసేశాను. వెనక దీపం పగిలిపోయింది. ఎవరూ చూళ్ళేదు. నేను కూడా చెప్పలేదు. ఉద్యోగం పోతుందని భయం."

చందన తలెత్తి చూసింది. "మరి?"

"మూడు రోజులు అన్నం సయించలేదు. ఎవరు పిలిచినా అందుకే పిలుస్తున్నారేమో అనిపించేది. నాలుగో రోజు మేనేజరు దగ్గరికెళ్ళి చెప్పేశాను. తిట్టాడు, గట్టిగానే తిట్టాడు. అరగంట. అంతే. ఆ మధ్యాహ్నం నేను రెండు భోజనాలు తిన్నాను."

చందనకి నవ్వు రాలేదు గానీ, గడప మీంచి కొంచెం ముందుకి జరిగింది.

"నాన్నా, నువ్వు కూడా తిడతావా?"

నాన్న చేతిలో చేప కింద పెట్టాడు. "ఏమో. ముందు వింటాను. విన్నాక కూడా నేను నీ పక్కనే ఉంటాను. అది మాత్రం ఖాయం."

అప్పుడు చందన చెప్పింది. గింజల సంగతి చెప్పింది, ఫోటో సంగతి చెప్పింది, సంతకం సంగతి చెప్పింది. శనివారం సంగతి చెప్పేసరికి వెక్కిళ్ళు వచ్చాయి. నాన్న మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. కానీ బూడిద చేతులు రెండూ బిగుసుకుపోయాయి.

అంతా విని, లేచి లోపలికి వెళ్ళాడు. ఆ ఫోను తీసి నేలకేసి కొడదామన్నంత కోపంగా పట్టుకున్నాడు. ఆ తర్వాత ఆగాడు. అమ్మకి ఫోన్ చేసి, పని ఆపి ఇంటికి రమ్మన్నాడు.

అమ్మ ఆటోలో వచ్చింది. గుమ్మంలోనే అంతా విన్నది. "నీకెన్నిసార్లు చెప్పానే..." అని మొదలుపెట్టింది.

"రాజీ, ఇప్పుడు కాదు" అన్నాడు నాన్న.

అమ్మ ఆగిపోయింది. పిల్ల ముఖం చూసింది. చప్పున కింద కూర్చుని, నల్లటి చేతులతో పిల్లని ఒళ్ళోకి లాక్కుంది. "మంగళవారం నువ్వు నా దగ్గరికొచ్చి నిలబడ్డావు కదూ. దీనికోసమేనా? నేను వినిపించుకోలేదు కదూ" అంది. అనేసి తనే ఏడ్చింది.

నాన్న అన్నాడు, "ఇవి పిల్లలు రాసే మాటలు కావు, వెనక ఎవడో ఉన్నాడు. ఆ మాటలన్నీ తీసేద్దాం. శనివారం నేనే వెళ్ళి వాడి సంగతి చూస్తాను."

"తీసేస్తే వాడేం రాశాడో ఎవరు నమ్ముతారు?" అంది అమ్మ. "నువ్వొక్కడివే వెళ్తే గొడవవుతుంది, వాడు పారిపోతాడు. ఎవరినైనా అడుగుదాం."

ఎవరిని అడగాలి? ఇద్దరికీ తెలీలేదు. అప్పుడు చందనే ముక్కు తుడుచుకుంటూ చెప్పింది.

"మా బడి గోడ మీద ఒక నంబరు రాసి ఉంది. పిల్లలకి కష్టమొస్తే చెయ్యమని. పది తొంభై ఎనిమిది."

నువ్వు కూడా గుర్తుపెట్టుకో కన్నా. చిన్న నంబరే. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.

ఫోనులో ఒకావిడ పలికింది. తొందరపెట్టకుండా విన్నది. విని మూడు మాటలు చెప్పింది. వాడికి జవాబివ్వకండి. వాడు రాసినవేవీ తీసెయ్యకండి. పిల్లని తప్పుపట్టకండి, మాయ మాటలు చెప్పి మోసం చేసింది పెద్దవాడు. ఆ తర్వాత, పోలీసులకి మేమూ చెబుతాం, మీరూ వెళ్ళండి అంది.

ఆ సాయంత్రమే ముగ్గురూ పోలీస్ స్టేషనుకి వెళ్ళారు. అక్కడ హైమావతి అని ఒక ఎస్సై ఉంది. చందనని తన పక్కన కుర్చీలో కూర్చోబెట్టింది. అన్నీ చదివింది. చదువుతున్నంతసేపూ ఆవిడ ముఖంలో ఏమీ కనబడలేదు. చివర్లో ఫోను బల్ల మీద పెట్టి, "దీన్ని నాలుగు రోజులు నా దగ్గరుంచుతాను. ఇక జవాబులు నేనిస్తాను. శనివారం నువ్వు ఇంట్లోనే ఉండాలి. అదే నీ పని. చేస్తావా?" అని అడిగింది.

చందన తలూపింది.

శనివారం వచ్చింది. అమ్మ పనికి, నాన్న డ్యూటీకి సెలవు పెట్టారు. చందన, అమ్మ కలిసి అరిసెలకని బియ్యం కడిగారు, నానబెట్టారు. నాలుగైంది. చందన చెవులు వీధి వైపే ఉన్నాయి. నాలుగున్నరైంది. అమ్మ బెల్లం తరుగుతూనే ఉంది, తరగాల్సినదానికంటే ఎక్కువే తరిగేసింది. అయిదింటికి నాన్న వచ్చాడు. స్టేషనులో కూర్చుని, కబురు తెలుసుకుని వచ్చాడు.

"దొరికాడు" అన్నాడు.

నలభై ఏళ్ళ మనిషట. ఇస్త్రీ చొక్కా, చేతిలో గులాబీ కాగితం చుట్టిన పెట్టె. జ్యూస్ బండి దగ్గర నిలబడి గడియారం చూసుకుంటున్నాడట. మామూలు బట్టల్లో ఉన్న పోలీసులు వెళ్ళి చెరొక పక్కా నిలబడ్డారు. వాడి ఫోనులో బుల్లిపిచ్చుక ఉంది. ఇంకా ఏడుగురు పిల్లల పేర్లు కూడా ఉన్నాయి.

చందన వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. ఆ తర్వాత నెమ్మదిగా అడిగింది.

"అయితే బుల్లిపిచ్చుక అనే అమ్మాయి లేదా నాన్నా?"

"లేదమ్మా."

"మరి ఆ పెన్ను దొంగతనం?"

"అది కూడా లేదు."

"నేను చెప్పినవన్నీ నిజమే" అంది చందన. అని అప్పుడు ఏడ్చింది. భయంతో కాదు. నెల రోజులు రోజూ మాట్లాడిన స్నేహితురాలు ఒక్క మాటతో లేకుండా పోయింది మరి. నాన్న పిల్ల వీపు నిమురుతూ కూర్చున్నాడు. కొన్ని ఏడుపులు ఏడవనివ్వాలి.

సోమవారం అమ్మ చందనని వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. సంతకం సంగతి చందన చేతే ఇందుమతి టీచరుకి చెప్పించింది. టీచరు కార్డు తెప్పించింది. అమ్మ ఆ దొంగ సంతకం కేసి చూసి, "నాకంటే గుండ్రంగానే పెట్టింది" అంది. టీచరుకి నవ్వొచ్చింది, ఆపుకుంది. లెక్కలకి రోజూ బడయ్యాక అరగంట ఉండమంది. బడిలోంచి ఎవరూ తియ్యలేదు. చూశావా, వాడు భయపెట్టింది అంతా ఉత్తిదే.

ఇంట్లో కూడా పద్ధతులు మారాయి. లెక్కలయ్యాక చందన గౌరమ్మత్త ఇంటికి వెళ్ళేది. అక్కడ పిల్లలున్నారు, తాడాట ఆడేవారు. మొదటి వారం చందన బిక్కమొహంతో కూర్చుంది. రెండో వారం తాడు తిప్పింది. మూడో వారం మోకాలు కొట్టుకుని ఇంటికొచ్చింది, నవ్వుకుంటూనే వచ్చింది.

ఫోను తిరిగొచ్చాక దాన్ని ముందుగదిలో స్టూలు మీద పెట్టారు. ఎవరో ఒకరు ఇంట్లో ఉన్నప్పుడే తీసేవారు, పడుకునే ముందు కట్టేసేవారు. పూలతోట ఆటలో తెలియనివాళ్ళు మాట్లాడకుండా ఎలా చెయ్యాలో ఎస్సై హైమావతి చూపించింది. అమ్మ కూడా ఆ ఆట నేర్చుకుంది. ఎన్ని నీళ్ళు పోసినా అమ్మ పూలన్నీ వాడిపోయేవి. "ఇది నావల్ల కాదే" అనేది, మళ్ళీ ఆడేది. వంట చేస్తూ మాత్రం ఏమీ అడిగేది కాదు. అడగాలనుకుంటే పొయ్యి కట్టేసి, వచ్చి పక్కన కూర్చుని అడిగేది.

అయిపోయిందా అంటావా? ఇంకొంచెం ఉంది.

నెల తర్వాత ఒకరోజు, నీళ్ళ కుళాయి దగ్గర ఏడో తరగతి అమ్మాయి ఒకతె చందన పక్కకొచ్చి నిలబడింది. పేరు ప్రణతి. ఎప్పుడూ మాట్లాడుకున్నవాళ్ళు కాదు. సీసా నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టడం లేదు.

"మీరు పోలీసుల దగ్గరికి వెళ్ళారట కదా" అంది.

"ఊఁ."

"ఇంట్లో నిన్ను కొట్టారా?"

"లేదు."

ప్రణతి కుళాయి కట్టేసింది. అటూ ఇటూ చూసింది. "నాక్కూడా ఒకాయన రోజూ మెసేజ్ పెడతాడు. వద్దన్నా పెడతాడు. మా అమ్మకి చెబుదామని మూడుసార్లు వెళ్ళాను. గుమ్మం దాకా వెళ్ళి వచ్చేశాను" అంది.

ఆ సాయంత్రం చందన టీచరుని అడిగి, ఆ ఒక్క రోజుకి లెక్కలు మాని, ప్రణతి వెంట వాళ్ళింటికి నడిచింది.

ప్రణతి వాళ్ళమ్మ జాకెట్లు కుట్టేది. వరండాలో మిషను మీద వంగి కూర్చుని ఉంది. చుట్టూ రంగు రంగుల పీలికలు. మిషను చప్పుడులో పిల్లలొచ్చిన సంగతి కూడా ఆమెకి తెలీలేదు. ప్రణతి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. చందన ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కలిసి మెట్లెక్కారు.

"అత్తా" అంది చందన, మిషను కంటే గట్టిగా. "ప్రణతి మీకొక మాట చెప్పాలట. మొత్తం చెప్పేదాకా తిట్టకుండా వినండి."

ఆమె తలెత్తింది. ఎవరో తెలియని పిల్ల. విరిగిన పన్ను, ఎర్రబడ్డ ముఖం. ఆ పిల్ల వెనక, గోడకి అతుక్కుపోయి, తన పిల్ల.

ఆమె పెడలు మీంచి కాలు తీసింది. చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.

"చెప్పమ్మా" అంది, ఒళ్ళో గుడ్డ పక్కన పెడుతూ.

ప్రణతి చెప్పడం మొదలుపెట్టింది.

కథేమో కంచి దారి పట్టింది,
కునుకొచ్చి కంటి తలుపు తట్టింది.
మనమేమో మనింట్లోనే ఉన్నాము,
మాటలన్నీ చెప్పేసుకుని పడుకున్నాము.